చుక్క పడిందా?

కింది రెప్పను వేలితో కాస్త లాగితే చిన్న జేబులా విచ్చుకుంటుంది. మందు పడాల్సింది ఆ జేబులో, నల్లగుడ్డు మీద కాదు. సీసా మూతి రెప్పవెంట్రుకకైనా తగలకూడదు. ఒక్క చుక్క చాలు. ఆపైన కన్ను మూసుకుని, ముక్కు పక్కన కంటికొనను రెండు నిమిషాలు వేలితో అదిమి పట్టాలి. లేకపోతే మందు ముక్కులోకీ, అక్కణ్ణించి ఒంట్లోకీ పోతుంది. రెండో మందు ఉంటే అయిదు నిమిషాలు ఆగాలి. విశాఖలో కంటి వార్డు నర్సుగా పనిచేస్తున్న ఇన్నేళ్ళలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చేసిన పని ఇదే. సూది వేయడం నెలరోజుల్లో వచ్చేసింది. ఇంకొకరికి చుక్క వేసుకోవడం నేర్పడం మాత్రం నాకు ఏళ్ళు పట్టింది.

శుక్లం తీసిన మర్నాడు కట్టు విప్పే వేళ వార్డంతా పండగలా ఉంటుంది. చేపల రేవు నుంచి వచ్చిన ఒక మామ్మకు కట్టు విప్పి, వేళ్ళు ఎన్నో చెప్పమన్నాను. "వేళ్ళదేటుందమ్మా, నాను మొప్పలు సూడాల" అంది. చేప తాజాదో కాదో మొప్పల ఎరుపు చెబుతుంది. శుక్లం ముదిరేకొద్దీ కంటి లోపలి కటకం గోధుమరంగుకు తిరిగి, రంగులన్నీ మాసిపోతాయి. రెండేళ్ళుగా ఆమె రేవులో పక్కవాళ్ళ మాట నమ్మి సరుకు కొంటోంది. ఆమెకు నేను చెప్పాల్సినవేమో అన్నీ వద్దులే. నాలుగు వారాలు తట్ట నెత్తికెత్తుకోవద్దు, తలమీద నీళ్ళు పోసుకోవద్దు, కన్ను నలపొద్దు. వద్దన్నంత మాత్రాన సరిపోదు, ఆ నాలుగు వారాలూ తట్ట ఎవరు మోస్తారో కూడా అడగాలి. కోడల్ని పిలిపించి ఇద్దరికీ కలిపి చెప్పాను. నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా రమ్మన్నాను. మందు వేసుకోవాల్సిన రోజులు అయిపోయాక సీసా పారెయ్యమని మరీ మరీ చెప్పాను. అందులో ఉండేది స్టెరాయిడ్. మిగిలింది దాచుకుని, కన్ను ఎర్రబడినప్పుడల్లా నెలల తరబడి వేసుకుని, చివరికి నీటికాసులు (గ్లాకోమా) తెచ్చుకున్నవాళ్ళను చూశాను.

"శుక్లం ముదరనీ, అప్పుడు తీయించుకుందాం" అనే మాట మన ఇళ్ళలో ఇంకా వినిపిస్తుంది. ఆ పెద్దవాళ్ళను తప్పుపట్టను. పాత పద్ధతి ఆపరేషన్ల రోజుల్లో డాక్టర్లే అలా ఆగమనేవారు. కంట్లో లెన్సు పెట్టే ఈ కాలంలో ఆ ఎదురుచూపుకు అర్థం లేదు. మరీ ముదిరిన శుక్లం ఒక్కోసారి కరిగి లోపలే కారుతుంది. నీరు బయటికి పోయే దారులు మూసుకుని కంటి ఒత్తిడి ఎగదన్నుతుంది. ఎర్రటి కన్ను, తల బద్దలయ్యే నొప్పి. అప్పుడు శుక్లం తీసినా, చచ్చిన కంటి నరం తిరిగి బతకదు.

నీటికాసుల మంచం దగ్గర పండగ ఉండదు. చాలామందికి నొప్పి ఉండదు, మసక ఉండదు. ముందు పోయేది పక్క చూపు. ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఒకాయన బోర్డు మీద ఆఖరి వరస దాకా చదివేవాడు, కానీ ఎడమవైపు నుంచి వచ్చే ఆటో కనిపించేది కాదు. ప్రపంచంలో తిరిగిరాని అంధత్వానికి మొదటి కారణం ఈ జబ్బే. మందైనా, ఆపరేషనైనా ఉన్న చూపును నిలబెడుతుందే తప్ప పోయినదాన్ని తేలేదు. ఏ రోజూ ఏ మార్పూ కనిపించని మందును జీవితాంతం వేసుకోమని మనిషిని ఒప్పించాలి. నర్సు పనిలో ఇంతకన్నా కష్టమైనది నాకు తెలియదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆపరేషన్ అయి ఇంటికి వెళుతున్న ఒక నీటికాసుల రోగికి "ఇంక భయం లేదండీ" అని చెప్పాను. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను. ఆయన చుక్కలు మానేశాడు, చూపించుకోవడానికి రావడమూ మానేశాడు. ఏడాది దాటాక గోడ పట్టుకుని వచ్చాడు. కోపం లేదు ఆయన గొంతులో. "భయం లేదని మీరే అన్నారు కదా సిస్టర్" అన్నాడంతే. ఆ మాట మళ్ళీ ఎవరితోనూ అనలేదు.

అప్పటినుంచి నేను మందు చెప్పే ముందు మనిషి రోజు ఎలా గడుస్తుందో అడుగుతాను. ఉక్కు కర్మాగారంలో ‘ఏ’ షిఫ్టు పొద్దున్న ఆరుకు, ‘బీ’ మధ్యాహ్నం రెండుకు, ‘సీ’ రాత్రి పదికి. "పడుకునే ముందు వేసుకోండి" అంటే ఒక వారం రాత్రి, ఒక వారం పొద్దున్న అవుతుంది. అందుకే గడియారం చూసి రాత్రి తొమ్మిదికి అంటాను. బీ షిఫ్టు వారం సీసా క్యారేజీ సంచిలో ఉండాలి. పోర్టు బొగ్గు ధూళి మధ్య బతికే పాతనగరం వాళ్ళను ముందు ఆయాసం గురించి అడుగుతాను. 1978 నుంచి వాడుకలో ఉన్న టిమొలాల్ చుక్క కంటికి మంచిదే, ఉబ్బసం ఉన్నవాళ్ళకు మాత్రం ఊపిరి పట్టేస్తుంది, గుండె వేగాన్నీ తగ్గిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు, మూత తీయని లాటనోప్రాస్ట్ సీసాలను చల్లగా ఎక్కడ ఉంచాలో తెలియక మేం పడ్డ ఆదుర్దా ఇప్పటికీ గుర్తుంది.

ఈ ఊళ్ళో చూపించుకోవడానికి చోటు లేదనడానికి లేదు. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, నాయుడుతోటలో శంకర్ ఫౌండేషన్ ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ వారిది 2006 నుంచి ఉంది. అయినా, 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పెద్ద కంటి సర్వేలో, నీటికాసులు ఉన్న పదిమందిలో తొమ్మిదిమందికి ఆ సంగతే తెలియదని తేలింది. రక్తసంబంధీకులకు ముప్పు ఎక్కువ. అందుకే ప్రతి రోగినీ అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్ళెందరు అని లెక్క అడుగుతాను.

గోడ పట్టుకుని వచ్చిన ఆయనను కూడా అడిగాను. తర్వాతి నెల తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. "నాకు చూపు బాగానే ఉంది సిస్టర్, అన్నయ్య గోల పడలేక వచ్చాను" అన్నాడతను. పరీక్ష చేస్తే కంటి ఒత్తిడి 28 ఉంది. ఉండాల్సింది 10కీ 21కీ మధ్య. సీసా తీసి నేను చూపించబోతుంటే, అన్న తమ్ముడి ముఖాన్ని తడిమి, కింది రెప్ప వేలితో పట్టుకుని లాగాడు. "గుడ్డు మీద కాదురా, ఇక్కడ పడాలి."