గుమ్మటం కింద ఇద్దరు అన్నదమ్ములు

సూరత్ అనగానే మనవాళ్లకు చీరలే గుర్తొస్తాయి. సిరిసిల్ల, కరీంనగర్, నల్లగొండ వైపుల నుంచి వెళ్లి అక్కడ సాంచాల మీద బతుకుతున్న పద్మశాలి కుటుంబాలు ఎన్నో. లింబాయత్ వీధుల్లో నడుస్తుంటే ఏ మలుపులోనైనా తెలుగు చెవిన పడుతుంది. నేను మాత్రం ఆ ఊరికి బట్ట చూడడానికి వెళ్లలేదు, గారపని చూడడానికి వెళ్లాను. మా నాన్న తాపీమేస్త్రి. చిన్నప్పుడు ఏ ఊరు తీసుకెళ్లినా ముందు గోడ చూపించేవాడు, తర్వాతే గుడి. ఆ అలవాటు నన్నింకా వదల్లేదు.

కతార్‌గామ్ దర్వాజా దగ్గర, బండ్ల రద్దీ నడుమ, ఒక ప్రహరీ ఉంది. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్న స్థలం. లోపలికి అడుగు పెట్టగానే గుమ్మటాలు, కమానులు, బురుజుల్లాంటి స్తంభాలు కనిపిస్తాయి. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులు చూసినవాళ్లెవరైనా ఇక్కడ పడుకున్నది నవాబులే అనుకుంటారు. కాదు. వీళ్లు ఈస్టిండియా కంపెనీ ఇంగ్లీషు వర్తకులు. నీలిమందు, నూలుబట్ట కొని ఓడలకెత్తిన కొట్టు అధికారులు. సొంత దేశంలోనైతే చర్చి గోడలో ఒక పలకరాయితో సరిపోయేది వీళ్లకు. ఇక్కడ రాజులకు కట్టినట్టు కట్టించుకున్నారు. కట్టింది మాత్రం సూరత్ మేస్త్రీలు.

కంపెనీ తొలి ఓడ 1608లో సూరత్ రేవుకు వచ్చింది. 1613 నాటికి కొట్టు స్థిరపడింది. మరో మూడేళ్లకు డచ్చివాళ్లు దిగారు. జ్వరాలు, విరేచనాలు, సారా కలిసి వచ్చినవాళ్లలో చాలామందిని తిరిగి వెళ్లనివ్వలేదు. 1649లో చనిపోయిన ఫ్రాన్సిస్ బ్రెటన్ సమాధి ఇక్కడి పాతవాటిలో ఒకటి. అయితే నా కాళ్లు కదలకుండా నిలబెట్టింది ఆక్సిండెన్ అన్నదమ్ముల కట్టడం.

వీళ్లలో క్రిస్టఫర్ 1659 ఏప్రిల్‌లో పోయాడు. జార్జి ఆక్సిండెన్ సూరత్ కొట్టుకు అధ్యక్షుడు, ఆపైన బొంబాయికి గవర్నరు. 1664 జనవరిలో శివాజీ సూరత్ మీద పడ్డప్పుడు కొట్టును కాపాడుకున్నవాడు ఈయనే. అందుకు కంపెనీ బంగారు పతకం ఇచ్చింది. 1669 జూలైలో ఆయనా కన్నుమూశాడు. ఇద్దరినీ కలుపుకొని లేచింది ఈ కట్టడం: ఎత్తు దాదాపు 40 అడుగులు, అడ్డకొలత 25. లావాటి స్తంభాల మీద ఒకదానిపై ఒకటిగా రెండు గుమ్మటాలు. లోపల చుట్టూ తిరిగే వసారాలు, వాటికి ఎక్కే మెట్లు. సమాధికి మెట్లెందుకు అనిపిస్తుంది. పైకెక్కి చుట్టూ చూడాలని, కింద పడుకున్నవాడు ఎంత గొప్పవాడో పైనుంచి కూడా తెలియాలని కాబోలు.

అసలు పనితనం చూడాలంటే తల పూర్తిగా వెనక్కి వాల్చాలి. పై అంతస్తులో ఉన్నది నిండు గుమ్మటం కాదు, గుమ్మటపు ఎముకలగూడు. నాలుగు మూలల నుంచి నాలుగు ఇటుక చేతులు లేచి, వంగి, నడిమధ్య కలుసుకుంటాయి. కింద నుంచి చూస్తే శిలువ. క్రైస్తవ గుర్తును గుమ్మటపు ఒంపులోనే ఇమిడ్చారు. వాటి నడుమ నడుమ ఆకాశం.

ఇది ఎంత సాహసమో కమాను తిప్పినవాడికే తెలుస్తుంది. నిండు గుమ్మటంలో ఒక్కో వరస ఇటుక గుండ్రంగా కలిసి, పక్క ఇటుకను పక్క ఇటుక పట్టుకుంటుంది. ఒక చోట బలం తగ్గినా చుట్టూ ఉన్న ఇటుకలు మోస్తాయి. ఎముకలగూడులో ఆ సాయం లేదు. ప్రతి చేయీ తన బరువు తానే మోసుకుంటూ తన మూలను బయటికి నెడుతుంది. అందుకే ఆ మూల స్తంభాలు అంత లావుగా ఉన్నాయని నాకు అర్థమైంది. దూరం నుంచి చూసి అది డాబు కోసం అనుకున్నాను. దగ్గరికి వెళ్లాక లెక్క అని తేలింది. పైన గాలిలా తేలుతున్నదాన్ని కింద ఈ బరువే పట్టి ఉంచింది.

పైగా తాపీ నది ఒండ్రు మీద వెలసిన ఊరు ఇది. దొరికేది మట్టి, అందుకే ఇటుక, సున్నం. సిమెంటు లేని కాలం. సున్నం గబుక్కున పట్టుకోదు, గాలి పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. కమాను తిప్పాక సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో అనుభవమే చెప్పాలి. మా నాన్న డంగుసున్నం చేతిలోకి తీసుకుని, ముద్ద చేసి, గోడకు విసిరి చూసేవాడు. అతుక్కున్న చప్పుడును బట్టి గానుగ ఇంకా తిరగాలో చాలో చెప్పేవాడు. ఆ చెవి ఉన్నవాళ్లే ఇక్కడా పని చేసి ఉంటారు. లేకపోతే మూడున్నర శతాబ్దాల వానలకు ఆ నాలుగు చేతులు నిలిచేవి కావు.

క్రిస్టఫర్ మీద లాటిన్‌లో ఒక శాసనం ఉంది. దాని అనువాదం మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. చావును కూడా చిట్టాపద్దుల మాటల్లోనే చెప్పారు. లెక్క అప్పజెప్పమని ఉన్నట్టుండి పిలుపు వచ్చిందని, యజమానులకు ఎంత నష్టం, స్నేహితులకు ఎంత నష్టం అని ఒక పక్క రాసి, ఎదుటి పుటలో అతనికి మాత్రం లాభమే అని ముగించారు. ఒక వర్తకుడికి తోటి వర్తకులు ఇంతకంటే నిజాయితీగా కన్నీరు పెట్టలేరు. దాన్ని చెక్కిన సూరత్ పనివాడికి ఆ భాష వచ్చే అవకాశం లేదు. అక్షరం బొమ్మ చూసి బొమ్మ దించినట్టు దించి ఉండాలి.

కాస్త దూరంలోనే డచ్చి, ఆర్మీనియన్ సమాధులు. ఆర్మీనియన్లవి నేలకు అంటుకున్న పలకరాళ్లు, వాటి నిండా వాళ్ల లిపి. డచ్చివాళ్లు మాత్రం ఇంగ్లీషువాళ్లతో పోటీకి దిగారు. 1689లో సూరత్ వచ్చిన మతగురువు జాన్ ఓవింగ్టన్ ఆ పోటీ గురించి తన యాత్రాగ్రంథంలో రాశాడు. ఆయన వచ్చిన రెండేళ్లకు అందరినీ మించిన కట్టడానికి సందర్భం వచ్చింది. డచ్చి అధికారి హెండ్రిక్ వాన్ రీడ్ 1691 డిసెంబరులో ఓడలోనే చనిపోయాడు. మలబారు మొక్కల మీద 12 సంపుటాల ‘హోర్టస్ మలబారికస్’ తెచ్చినవాడు ఆయనే. కేరళ వైద్యుడు ఇట్టి అచ్యుతన్ చెప్పిన ఆకుల గుణాలు ఆ పుస్తకం ద్వారానే యూరప్ చేరాయి. దాని చివరి సంపుటం 1693లో వచ్చింది. చూసుకోవడానికి ఆయన లేడు. సూరత్ మట్టిలో ఉన్నాడు.

ఆయన మీద లేచిన జంట గుమ్మటంలో కిందా పైనా స్తంభాల వసారాలున్నాయి. ఒకప్పుడు గోడల మీద రంగుల బొమ్మలు, వంశచిహ్నాలు, బైబిలు వాక్యాలు, కిటికీలకు చెక్కుడు పని చేసిన కొయ్య తలుపులు ఉండేవట. ఇప్పుడు అవేవీ లేవు. ఆ కిటికీల ముందు చాలాసేపు నిలబడ్డాను. కొయ్య పోయినందుకు నిజంగా బాధ కలిగింది. ఎందుకంటే సూరత్ వడ్రంగి ఏం చేయగలడో అదే ఊళ్లో చింతామణి జైన ఆలయంలో చూశాను. అక్కడ కొయ్య స్తంభాల మీద, పైకప్పు మీద చెక్కుడు, రంగులు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ చేతిపనిని తీసుకొచ్చి ఈ ఖాళీ కిటికీల్లో మనసులోనే బిగించుకున్నాను.

మనకూ ఇలాంటిది ఉంది. బందరులో డచ్చివాళ్ల సమాధులు కూడా కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనే ఉన్నాయి. వలందపాలెం పేరులోని వలందులు ఈ హాలండు వాళ్లే. అయితే రెండు చోట్లా పనితనం వేరు. బందరులో గొప్పతనమంతా రాతిలో ఉంది. ఉబ్బెత్తు అక్షరాలు, వంశచిహ్నాలు చెక్కిన పలకలు వంగి చదవాలి. సూరత్‌లో తలెత్తి చదవాలి. ఒకే కంపెనీ, ఒకే చావు. బందరులో శిల్పిని అడిగారు, సూరత్‌లో తాపీమేస్త్రిని అడిగారు. ఊళ్లో ఏ చేయి గొప్పదో ఆ చేతినే నమ్ముకున్నారు.

చట్టం వీటికి గట్టి కంచే వేసింది. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడం కూడదు, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. కట్టడాన్ని చెడగొడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కానీ రావివిత్తుకు చట్టం తెలియదు. పిట్ట వదిలిన గింజ ఇటుక సందులో పడితే చాలు, వేరు గార చీలుస్తుంది. చీలిన చోట తొందరపడి సిమెంటు మెత్తితే అది మరో ముప్పు. పాత ఇటుక తడిని సున్నం బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. అప్పుడు ఉప్పు పూసి ఇటుకే పొడి అవుతుంది. డంగుసున్నం నూరగలిగిన చేతులు ఉన్నన్నాళ్లే ఇవి నిలుస్తాయి. ఆ చేతులు మా ఇంట్లోనే ఒక తరంతో ఆగిపోయాయి, ఈ మాట ఆ బాధతోనే రాస్తున్నాను.

నాతో వచ్చిన మిత్రుడిది సిరిసిల్ల. ముప్ఫై ఏళ్లుగా సూరత్‌లోనే నేత. ఆక్సిండెన్ల కట్టడం కింద నిలబడి పైకి చూసి, "అన్నా, గది సూడు, పడుగు మీద పేక వడ్డట్టే లేదా?" అన్నాడు. నిజమే, రెండు ఒంపులు ఒకదాని మీదుగా ఒకటి దాటిన చోటు అచ్చం అలాగే ఉంది. "ఇంత కట్టినోళ్ల పేరు ఏడ రాసిండ్రే?" అని నాలుగు వైపులా తిరిగి వెతికాడు. లాటిన్ ఉంది, పదవులున్నాయి, తేదీలున్నాయి. మేస్త్రి పేరు లేదు.

రాత్రి షిఫ్టుకు వేళవుతోందని నేనే గుర్తు చేశాను. అతను కదల్లేదు. గార రాలి ఇటుక బయటపడ్డ ఒక స్తంభం ముందు నిలబడి, పోగులు లెక్కపెట్టే వేలితోనే కింది నుంచి వరసలు లెక్కపెడుతున్నాడు. కమాను వంపు మొదలయ్యే చోట లెక్క తప్పింది. మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాడు.