ఇంజన్ జబ్బు ఇంజన్‌లో ఉండదు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరబోట్ల వేట బంద్. ఈ 61 రోజుల సెలవు చేపలకే గానీ, కాకినాడ రేవులో సుత్తికీ స్పానర్‌కీ కాదు. చెక్క బోట్లను ఒడ్డుకు చేర్చి పలకల సందుల్లో పత్తి కూరుతుంటారు. ఫైబర్ బోట్ల పగుళ్లకు రెజిన్ పూస్తుంటారు. ఇంజన్లు విప్పి గోనెపట్టాల మీద వరసగా పరుస్తారు. పాత బోటు కొన్నవాడికి ఇంతకన్నా మంచి బడి ఉండదు. నా బోటు కూడా ఈ నిషేధం రోజుల్లోనే బాగుపడింది. నేను చేసిన పని తక్కువ, పక్కన కూచుని చూసింది ఎక్కువ.

అది పద్దెనిమిది అడుగుల ఫైబర్ బోటు. దాని వెనక బిగించింది 25 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజన్. కోరంగి పక్క పాయల్లో తిరిగి తిరిగి, చేతులు మారి మారి నా దగ్గరికొచ్చింది. అమ్మినాయన దాచలేదు, “ఇంజన్‌లో కాస్త ట్రబులుందండి” అని ముందే చెప్పాడు. ట్రబులేమిటంటే, తాడు లాగితే స్టార్టవుతుంది, కాసేపు బుద్ధిగా నడుస్తుంది, స్పీడు పెంచితే దమ్ము చాలక ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ స్టార్టవుతుంది. నాకన్నా ముందువాళ్లు దానికి కొత్త ప్లగ్గులు వేయించారు, కొత్త కాయిల్ కొన్నారు. జబ్బు మాత్రం అలాగే ఉంది.

ఏటిమొగ నుంచి వచ్చిన మెకానిక్ బాబాయ్ ఇంజన్ మూత తియ్యనే లేదు. స్క్రూడ్రైవర్ తిరగేసి, ఇంజన్ బిగించే వెనక పలక మీద పిడితో కొట్టుకుంటూ పోయాడు. కొబ్బరికాయ కొనేటప్పుడు వేలితో మీటి చూసినట్టే. పైన టంగుమంది, కింద బోల్టుల దగ్గర మొద్దుగా పలికింది. “ఇంజన్ సంగతి తరవాత సూద్దారండి. ముందు దాన్ని మోసేది ఇదే కదండి” అన్నాడు.

ఫైబర్ బోటు అంటే అంతా ఫైబరే అనుకుంటాం. ఆ వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, దానికి రెండు వైపులా ఫైబర్ పొర. బోల్టు రంధ్రాల్లోంచి ఏళ్ల తరబడి నీరు చేరితే పైన నిగనిగలాడుతూనే లోపల కుళ్లిపోతుంది. దాని మీద సుమారు 50 కేజీల ఇంజన్ వేలాడుతూ, బోటు మొత్తాన్ని అక్కణ్నుంచే తోస్తుంది. ఇంజన్ బాగుపడి పూర్తి బలంతో తోసిన రోజే ఆ పలక ఊడివస్తుంది. అందుకే పాడైన ఇంజన్ కన్నా బాగుచేసిన ఇంజనే కుళ్లిన బోటుకు ప్రమాదం. లోపలి పొర కోసి, నల్లగా ముద్దయిన చెక్కంతా తవ్వి తీసి, ఎండబెట్టి, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై పెట్టి మళ్లీ ఫైబర్ మ్యాట్ పరిచాం. మే ఎండలో రెజిన్ చెప్పిన మాట వినదు. గట్టిపరిచే మందు మామూలు పాళ్లలో పోస్తే డబ్బాలోనే బిగుసుకుపోతుంది. కాబట్టి మందు తగ్గించి, పొద్దున్నే కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. ఇంకో మాట. రెజిన్ పనిలో వాడే కోబాల్ట్‌నీ గట్టిపరిచే మందునూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పొయ్యకూడదు, భగ్గుమంటుంది. ముందు ఒకదాన్ని రెజిన్‌లో బాగా కలిపాకే రెండోది. ఇంట్లో సొంతంగా చేద్దామనుకునేవాళ్లు ఈ రెండు వాక్యాలూ కత్తిరించి దాచుకోండి.

తరవాత ఇంజన్. బోటును నీళ్లలోకి దింపి నడిపించారు. దమ్ము తగ్గడం మొదలవగానే బాబాయ్ ఇంజన్‌ని ముట్టుకోకుండా, ట్యాంకు నుంచి వచ్చే గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బల్బును గట్టిగా పిసికాడు. ఇంజన్ ఒక్కసారిగా లేచింది. వదిలేస్తే మళ్లీ పడిపోయింది. అంతే, సగం కథ తేలిపోయింది. పెట్రోలు చాలినంత రావడం లేదు. గొట్టం ఇంజన్‌కు తగిలించే చోట చిల్లర డబ్బులకు దొరికే రబ్బరు రింగు అరిగి గాలి పీలుస్తోంది. కాయిల్ కొన్నవాళ్లెవరూ ఆ రింగు దాకా రాలేదు. దానికి తోడు కార్బొరేటర్ విప్పితే జెట్టు నిండా పచ్చటి జిగురు.

ఆ జిగురు నిలవున్న పెట్రోలుదే, దాని గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2030 నాటికి చేరాలనుకున్న ఈ లక్ష్యాన్ని ప్రభుత్వం ఐదేళ్లు ముందుకు జరిపింది. రోజూ తిరిగే బండికి అదొక లెక్క, నెలల తరబడి ఒడ్డున పడుండే బోటుకు ఇంకో లెక్క. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది. పరిమితి దాటిందంటే ఆ నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. మా ఇంజన్‌లాంటి పాత టూ స్ట్రోక్‌కు ఆయిల్ విడిగా పొయ్యరు, లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల చొప్పున అందులోనే కలుపుతారు. విడిపోయినప్పుడు ఆయిల్ పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది, ఇంజన్ మాత్రం అడుగునున్నది తాగుతుంది. ఆయిల్ లేని ఆ నీళ్లు తాగితే పిస్టన్ పట్టేస్తుంది. వేట ఆపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, గొట్టం తీసి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపాలి. ఇంత చిన్న పనిని బద్ధకించినవాళ్ల డబ్బుతోనే రేవు మెకానిక్‌ల ఇళ్లు గడుస్తున్నాయేమో!

పెట్రోలు కుదిరాక ఎక్కువసేపు నడిచింది గానీ వేడెక్కడం పోలేదు. ఔట్‌బోర్డుకు రేడియేటర్ ఉండదు. కిందున్న చిన్న రబ్బరు చక్రం, ఇంపెల్లర్, ఏటి నీటినే పైకి తోడి ఇంజన్‌ని చల్లబరుస్తుంది. అది పనిచేస్తోందనడానికి గుర్తుగా వెనక నుంచి సన్నటి ధార చిమ్ముతూ ఉండాలి. మాది కారుతోంది, చిమ్మడం లేదు. విప్పితే ఇంపెల్లర్‌కు రెండు రెక్కలు లేవు. కొత్తది బిగించేస్తే సరిపోతుందనుకున్నా. బాబాయ్ ఒప్పుకోలేదు. “ఇరిగిన ముక్కలు యాడికి పోతాయండి? లోపలే ఉంటాయి” అని నీటి దారంతా వెతికి ఒక ముక్క పైగొట్టంలో, ఇంకోటి థర్మోస్టాట్ దగ్గర ఉప్పుతో పాటు గడ్డకట్టి ఉంటే తీశాడు. ఉప్పునీటిలో తిరిగిన ప్రతిసారీ డ్రమ్ములో మంచినీళ్లు పోసి ఇంజన్‌ని కాసేపు నడపాలన్న పాఠం అక్కడే.

చివరిగా గేర్ ఆయిల్. కింద స్క్రూ విప్పితే పాలలా తెల్లగా కారింది, అంటే లోపలికి నీరు చేరింది. ఫ్యాను (ప్రొపెల్లర్) తీసి చూస్తే షాఫ్టు చుట్టూ పాత నైలాన్ వల దారం చుట్టుకుని, సీలును కోసేసి ఉంది. మన ఏటిపాయల్లో తెగిపోయిన వలలు తేలుతూనే ఉంటాయి. కాబట్టి ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఫ్యాను ఊడదీసి చూడాల్సిందే.

లెక్కవేస్తే ఇంజన్ అనే మాటకు అసలైన అర్థంలో, పిస్టన్లో రింగులో బేరింగులో, ఒక్కటీ పాడవలేదు. పోయినవన్నీ పెట్రోలు వచ్చే దారిలో, నీరు పోయే దారిలో, చుట్టూ ఉన్న రబ్బరులో. ఆ దారుల వెంట నడిచి చూడ్డమే ఆయన చేసిన వైద్యం. ఒక్కోసారి ఒక్కటే మార్చేవాడు, మార్చాక నడిపి చూసేవాడు.

ఈ తీరంలో ఈ విద్య కొత్తది కాదు. 1839 నవంబరు తుఫాను ఊడ్చేసేదాకా కోరంగి ఓడలు కట్టే, బాగుచేసే రేవు. పక్కనున్న తాళ్లరేవుకూ పడవల తయారీలో పేరుంది. 2019లో కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠ బోటును గోదావరి అడుగు నుంచి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందమే. ఇలాంటి చేతులు మన పక్కనే ఉన్నప్పుడు, ఇంజన్‌ని పెట్టెలో పెట్టి ఎక్కడికో పంపడం నాకు తెలివైన పనిగా తోచదు. కాకపోతే సామాను దొరకాలి. ఓలె ఎవిన్‌రూడ్ 1909లో అమెరికాలో మొదలుపెట్టిన ఔట్‌బోర్డుల తయారీ 2020లో ఆగిపోయింది, పేరున్నదే కదాని అలాంటిది చవగ్గా కొంటే తరవాత రింగుకీ రెక్కకీ తిరగాలి. మీ రేవులో నలుగురి దగ్గరున్న ఇంజనే మీకూ మంచిది.

కొనదలిచినవాళ్లకు చెప్పేది కొంచెమే. ఇంజన్‌తో ఏటిపాయల్లో, కాలువల్లో తిరిగే పడవకు 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, సర్వే ఉండాలి, ఆ కాగితాలు అడగండి. మనిషికో లైఫ్ జాకెట్, ఒక లంగరు, రెండు తెడ్లు బేరంలోనే వేయించుకోండి. బోటు చూడ్డానికి వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి వేసి చూడండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్టవని ఇబ్బందిని దాచడానికి మీరు రాకముందే నడిపి వేడిగా ఉంచితే, ధర ఎంత తగ్గించినా ఆ బోటు కొనకండి.