పాత ముక్క వెంట తెచ్చావా?

రాబర్ట్ పిర్సిగ్ రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' మొదటిసారి చదివినప్పుడు నాకు బండి లేదు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన కాపీ అది. వెనక అట్ట లేదు, చివరి పేజీలు కొన్ని ఎవరో చింపుకుపోయారు. రెండోసారి చదివినప్పుడు బండి ఉంది కానీ నడవడం లేదు. ఈ రెండు చదువుల మధ్య పుస్తకం నాకు బాగా మారిపోయింది. కొంత నచ్చకుండా పోయింది కూడా. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1974లో వచ్చిన పుస్తకం. 121 మంది ప్రచురణకర్తలు వద్దన్నాక అచ్చయి, లక్షల్లో అమ్ముడుపోయింది. ఒక తండ్రి, పదకొండేళ్ళ కొడుకు క్రిస్, ఒకే మోటార్‌సైకిల్ మీద మినియాపోలిస్ నుంచి కాలిఫోర్నియా వైపు వెళ్తారు. సగం దారి దాకా తోడుగా ఒక స్నేహితుల జంట, జాన్, సిల్వియా, తమ బీఎండబ్ల్యూ మీద వస్తారు. మధ్యమధ్య తండ్రి మనసులో ఒక ఉపన్యాసం సాగుతుంటుంది. నాణ్యత అంటే ఏమిటి, మనిషికీ యంత్రానికీ మధ్య ఎక్కడ తెగింది అని. గ్రీకు తత్వం గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, దాని జోలికి నేను పోను. మోటార్‌సైకిళ్ళ గురించి కూడా ఇందులో అంత నికరమైన సమాచారం ఉండదని రచయితే ముందుమాటలో ఒప్పుకుంటాడు. అయినా సరే, రిపేరు సంగతి మాత్రమే పట్టుకుంటాను.

నా బండి, అంటే బాపు బండి, 1986 నాటి యెజ్డీ. 250 సీసీ, ఒకే సిలిండరు, రెండు సైలెన్సర్లు. కిక్కూ గేరూ ఒకే రాడ్డు: లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, మళ్ళీ కిందికి తిప్పితే గేరు. తెలియనివాడు దాన్ని దొంగిలించలేడు అనేవాడు బాపు. మైసూరులో ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2022లో అదే పేరుతో కొత్త బళ్ళు వచ్చాయి గానీ అవి ఫోర్‌స్ట్రోకులు, వాటి బోల్టు కూడా దీనికి పనికిరాదు. హనుమకొండ ఇంటి వరండాలో పదేళ్ళకు పైగా గోనెసంచుల కింద ఉన్న దాన్ని ట్రాలీ ఆటోలో హైదరాబాద్ తెచ్చుకున్నాను. "ఏం జేస్తవ్ రా దాన్ని, సామాన్ దొర్కది" అన్నాడు బాపు. అంతకుమించి ఏమీ అనలేదు. అప్పటికే మా ఇద్దరి మధ్య ఫోను సంభాషణ అన్నం తిన్నావా, జీతం పడిందా, ఉంటా మరి, అనే మూడు వాక్యాల దగ్గర ఆగిపోయింది.

బండి రోగం ఇది. పొద్దున ఒకటి రెండు కిక్కులకే స్టార్ట్ అవుతుంది. నాలుగైదు కిలోమీటర్లు రాజాలా పోతుంది. తర్వాత దగ్గి ఆగిపోతుంది. ఇరవై నిమిషాలు చెట్టు కింద కూర్చుంటే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. నేను ప్లగ్గు మార్చాను. కార్బురేటర్ విప్పి జెట్లు ఊదాను. ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయిందేమోనని మూత వదులు చేసి నడిపి, ప్యాంటంతా పెట్రోలు చేసుకున్నాను. ఏదీ పనిచేయలేదు. ఆ రోజుల్లోనే కొత్త కాపీ కొని పిర్సిగ్‌ని మళ్ళీ తెరిచాను.

పుస్తకంలో తొందరగానే వచ్చే ఒక ఘట్టం చాలామందికి గుర్తుంటుంది. కథకుడి బండి ఇంజిన్ పట్టేస్తే షాపులో ఇస్తాడు. అక్కడ రేడియో గట్టిగా మోగుతుంటుంది, కుర్ర మెకానిక్‌లు నవ్వుతూ తుళ్ళుతూ పనిచేస్తుంటారు. మళ్ళీ మళ్ళీ తప్పుగా బాగుచేస్తారు, ఉన్నది పాడుచేస్తారు. చివరికి తనే కనిపెడతాడు: తలకి నూనె చేరకుండా చేసింది పాతిక సెంట్ల పిన్ను ఒకటి. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, కానీ పనిలో మనసు లేదు, ప్రేక్షకుల్లా ఉన్నారు, అని తీర్పు. ఆ రేడియో దానికి సాక్ష్యం.

ఈ ఘట్టం ఇరవై ఏళ్ళ వయసులో నాకు వేదంలా అనిపించింది. దాని ఫలితం చెప్తాను. మా వీధి చివర ఒక షెడ్డు ఉంది. అక్కడి ఉస్తాద్ పాత టూస్ట్రోక్ బళ్ళు మాత్రమే ముట్టుకుంటాడు. ఫోన్‌లో పొద్దస్తమానం పాత హిందీ పాటలు పెట్టుకుంటాడు, పాడతాడు కూడా. నేను మొదటిరోజు బండి తోసుకుంటూ వెళ్ళి, ఆ పాటలు విని, ఆయన ఇంజిన్ వైపు చూడకుండా టీ గ్లాసు వైపు చూడటం చూసి, బండి వెనక్కి తెచ్చేసుకున్నాను. పుస్తకం చదివినవాడిని కదా, మనసు లేని మనిషిని గుర్తుపట్టేశాను.

నెల రోజులు పోయాయి.

ఆ నెలలో నాకు రాణిగంజ్ తెలిసింది. విడిభాగాల దుకాణాల్లో చాలా సేపు నిలబడ్డాను. పిర్సిగ్ ఇక్కడ నిజంగా పనికొచ్చే మాట చెప్తాడు: పార్టు కొనడానికి వెళ్ళేటప్పుడు పాతది వెంట తీసుకెళ్ళు, కొలిచే కాలిపర్ కూడా ఉంచుకో, కౌంటర్ దగ్గరి మనిషితో స్నేహం చేసుకో అని. రాణిగంజ్‌లో మొదటి ప్రశ్న అదే, "పాత ముక్క తెచ్చినవా?" మోడల్ పేరు చెప్తే మొహం చూస్తారు, ముక్క చూపిస్తే చేతిలోకి తీసుకుంటారు. బేరింగ్ కోసం నేను యెజ్డీ అని మొదలుపెడితే ఒకాయన ఆపేశాడు. బేరింగ్‌కి కంపెనీతో పనిలేదు, నంబరు చాలు. 6203 అని ఉందంటే లోపల 17, బయట 40, వెడల్పు 12 మిల్లీమీటర్లు. ఏ దేశంలో చేసినా అంతే, మిక్సీలోదైనా మోటార్‌సైకిల్‌దైనా అంతే. ఆయిల్ సీలు కూడా కొలతల మీదే నడుస్తుంది. అసలు చిక్కంతా అలా నంబరు లేని వాటితో. కిక్ షాఫ్టు, గేర్లు, క్లచ్ మూత లాంటివి కబాడీలో దొరకాలి, లేదా ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి డూప్లికేట్ రావాలి, లేదా లేత్ మీద చేయించాలి. దుకాణం వాళ్ళు పార్టుల్ని మూడు రకాలుగా చెప్తారు: కంపెనీది, కంపెనీదానిలాంటిది, నడుస్తది. మూడో రకానికి ఇంగ్లిష్‌లో మాట వెతికాను, దొరకలేదు.

నేను కంపెనీదే కావాలన్నాను. మూతపడి ఇన్నేళ్ళయిన కంపెనీది! ఆ కౌంటర్ దగ్గర నిలబడి ఉండగానే పిర్సిగ్‌లోని మరో ఘట్టం గుర్తొచ్చింది. జాన్ బీఎండబ్ల్యూ హ్యాండిల్ బార్ జారుతుంటుంది. బీరు డబ్బా రేకు కత్తిరించి మధ్యలో ఇరికిస్తే సరిపోతుంది అంటాడు కథకుడు. జాన్‌కి అవమానంగా ఉంటుంది. అంత ఖరీదైన జర్మన్ యంత్రానికి బీరు డబ్బా రేకా! మొదటిసారి చదివినప్పుడు జాన్‌ని చూసి నవ్వుకున్నాను, కథకుడి పక్కన నిలబడి. ఇప్పుడు చూసుకుంటే, మెకానిక్‌ని అనుమానించేటప్పుడు నేను కథకుడిని, ముక్క కొనేటప్పుడు జాన్‌ని. ఇద్దరి దగ్గరా ఉన్న చెడ్డ గుణం ఒక్కోటి తీసుకున్నాను.

తర్వాతి అవమానం స్క్రూ. పాయింట్లు చూద్దామని పక్క మూత విప్పబోయి ఒక స్క్రూ తల అరగదీశాను. సరిపోని స్క్రూడ్రైవర్, అనవసరమైన బలం. సరిగ్గా ఇదే సందర్భం మీద పిర్సిగ్ చాలా పేజీలు రాశాడు. స్క్రూ చిన్నది, చవకది. కానీ అది రానప్పుడు దాని విలువ మొత్తం బండి విలువంత అవుతుంది. అక్కడ ఆగిపో, ఆ ఆగిపోవడాన్నే చూస్తూ ఉండు, అందులోంచే కొత్త ఆలోచన పుడుతుంది అంటాడు. గొప్ప పేజీలు, ఇప్పటికీ అంటాను. కానీ రెండో చదువులో ఒక చిన్న వాక్యం దగ్గర ఆగాను. అనుభవం ఉన్నవాడైతే ఇలాంటప్పుడు జంగు వదిలించే ద్రవం పోసి ఇంపాక్ట్ డ్రైవర్ వాడతాడు అని ఒక్క మాట అనేసి, సరే, అనుభవం లేదనుకుందాం, అని ముందుకు వెళ్ళిపోతాడు. తత్వమంతా ఆ తర్వాతే. ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుందో పుస్తకం అడగదు. కథకుడు కంప్యూటర్ మాన్యువళ్ళు రాసి బతికే మనిషి. ఆయన లోకంలో జ్ఞానం మాన్యువల్లో ఉంటుంది, లేదా ఏకాంతంలో ఉంటుంది. పక్కనున్న మనిషి చేతుల్లో ఉండటం అరుదు. ఒకచోట ఒక ముసలి వెల్డర్ వస్తాడు, చైన్ గార్డు పల్చటి రేకుని అద్భుతంగా అతుకుతాడు. కథకుడు మెచ్చుకుంటాడు. ఆ మెచ్చుకోలు ఏం చేసుకోవాలో వెల్డర్‌కి తెలియదు. ఇద్దరూ విడిపోతారు. ఎలా నేర్చుకున్నావని ఆయన్ని కాసేపు కూర్చోబెట్టి అడిగి ఉంటే ఈ పుస్తకం ఇంకోలా ఉండేదేమో.

మాథ్యూ క్రాఫోర్డ్ 2009లో రాసిన 'షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్' ఈ విషయంలో మెరుగు. తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసి, మోటార్‌సైకిల్ షెడ్డు పెట్టుకున్న మనిషి. తనకి పని నేర్పిన పాత ఫోక్స్‌వాగన్ మెకానిక్‌కి పేజీలు ఇస్తాడు. అయితే వాక్యం పిర్సిగ్‌లా పరిగెత్తదు, వాదన మధ్యలో కాస్త బరువెక్కుతుంది.

అరిగిన స్క్రూతో నేను మళ్ళీ ఉస్తాద్ దగ్గరికే వెళ్ళాను. ఫోన్‌లో పాటలు. ఆయన స్క్రూ అంచు మీద సన్నటి ఉలి వంకరగా ఆనించి రెండు దెబ్బలు కొట్టాడు, తిరిగింది. ఎవరు పాడుచేశారని అడగలేదు. "వేడైనంకనే బంద్ అయితుందా? చల్లగైతే మళ్ల చాలూ?" అని మాత్రం అడిగాడు. అవునన్నాను. చీకటి పడేదాకా ఉండమన్నాడు. చీకటి పడ్డాక, మూత తీసి, ఇంజిన్ వేడిగా ఉండగా నన్ను కిక్ కొట్టమని పాయింట్ల వైపు వేలు చూపించాడు. పాయింట్ల మధ్య నీలంగా పెద్ద మెరుపు. అక్కడ అంత మెరుపు ఉండకూడదు. పాయింట్లు విడిపోయే క్షణంలో ఆ కరెంటుని తాగేయాల్సింది కండెన్సర్, బొటనవేలంత డబ్బా. లోపల అది ముసలిదైపోయి వేడికి చేతులెత్తేస్తోంది. పాతిక సెంట్ల పిన్ను లాంటిదే, కానీ నేను కనిపెట్టలేదు.

కంపెనీ కండెన్సర్ కావాలని మళ్ళీ నోరు జారాను. ఉస్తాద్ డబ్బాలోంచి ఏదో పాత కారుది ఒకటి తీశాడు. పాతదాని చోట కూడా పెట్టలేదు. అక్కడ వేడి, మళ్ళీ చస్తుంది అని, వైరు పొడిగించి ట్యాంకు కింద, గాలి తగిలే చోట బిగించాడు. ఇంజినీర్లు పెట్టిన చోటు తప్పని, 1986 నాటి డిజైన్‌ని తీరుబడిగా సరిదిద్దాడు, 'ఏ మేరే హమ్‌సఫర్' లాంటిదేదో కూనిరాగం తీస్తూ. పనిలో మనసు ఉందో లేదో రేడియో చెప్పదు. పిర్సిగ్ అంత శ్రద్ధగా చూసే మనిషి ఆ కుర్రాళ్ళని ఎందుకంత తొందరగా చదివేశాడో నాకిప్పటికీ అర్థం కాలేదు. తన బండి పాడైన కోపం అనుకుంటాను. నాకూ అలాంటి కోపమే ఉండింది, బండి పాడవకముందే.

చింపేసిన చివరి పేజీల సంగతి. క్రిస్ ప్రయాణమంతా వెనక కూర్చుంటాడు. అంత దూరం వెళ్ళినా వాడికి కనిపించేది తండ్రి వీపే, దారి కనబడదు. ఆఖర్న హెల్మెట్లు లేకుండా, తండ్రి భుజాలు పట్టుకుని ఫుట్‌రెస్టుల మీద నిలబడతాడు. అప్పుడు ముందుకి చూడగలుగుతాడు. ఈ దృశ్యం లేకుండానే నేను పదేళ్ళు ఈ పుస్తకాన్ని పొగిడాను. తత్వం దొరికింది కదా, కొడుకు లేకపోయినా లోటు తెలియలేదు. అసలు పుస్తకంలో బాగుపడాల్సింది బండి కాదని, ఆ తండ్రి తన యంత్రాన్ని విన్నంత ఓపికగా వెనక కూర్చున్నవాడిని వినలేదని, రెండో చదువులోగాని పట్టుకోలేకపోయాను. అది రచయితకి తెలిసే రాశాడు. అందుకే ఇన్ని ఫిర్యాదుల తర్వాత కూడా ఈ పుస్తకాన్ని చేతిలోంచి వదల్లేను.

బాపు కంటి ఆపరేషన్ కోసం హైదరాబాద్ వచ్చాడు. పట్టీ విప్పిన వారానికి కిందికి దిగి బండి చూశాడు. కిక్ కొట్టాను. తల పక్కకి వంచి విన్నాడు.

"చప్పుడు మారింది" అన్నాడు.

సైలెన్సర్లు డూప్లికేట్ అని చెప్పాను. కండెన్సర్ ట్యాంకు కింద ఎందుకుందో చెప్పాను. వంగి, వేలితో ఆ వైరు వెంట పోయి చూశాడు. లీటరుకి ఆయిల్ ఎంత పోస్తున్నావని అడిగాడు. నలభై మిల్లీ అన్నాను. "గంతే" అన్నాడు. మూడు వాక్యాలు దాటాం.

తర్వాత వెనక కూర్చున్నాడు. నా చిన్నప్పుడు ఆ సీటు నాది. ఇప్పుడు ఆయన మొహం నాకు కనబడదు, అద్దం ఇంకా దొరకలేదు. చౌరస్తా దాటాక ఇంజిన్ ఒకసారి దగ్గింది. నా గుండె జారింది, కండెన్సరే అనుకున్నాను. భుజం మీద చెయ్యి పడింది.

"రిజర్వుల వెట్టు రా."

వంగి పెట్రోల్ కాక్ తిప్పాను.