పికప్ కాదు, బ్రేకు

ఈ వారం మా మేనల్లుడు కొత్త ఐ20 ఎన్ లైన్ తెచ్చి తాళం నా చేతిలో పెట్టాడు. "మామా, పికప్ ఎట్లుందో జూడు" అన్నాడు. హన్మకొండ నుంచి జనగామ దాకా నడిపాను. మడికొండ దాటాక కాలు కొంచెం ఆనిస్తే చాలు, బండి ఉరికింది. లోపల చప్పుడే లేదు. మీటరు చూస్తే తప్ప ఎంత వేగంలో ఉన్నామో తెలియలేదు. అదే నాకు నచ్చలేదు. ఏ పనైనా చెవితో, చేతితో నేర్చుకోవాలన్నది నా పట్టు.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది మా బాపు మారుతి 800 మీద. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళం అందించిన ఆ బండి 2014 దాకా తయారైంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బురేటర్ రోజుల్లో 37 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. చలికాలం పొద్దున చోక్ లాగితేగానీ స్టార్టయ్యేది కాదు. "మీటరు దిక్కు జూడకు బిడ్డా, ఇంజన్ సప్పుడు ఇను. గేరెప్పుడు మార్చాల్నో అదే చెప్తది" అనేవాడు బాపు. కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే ముందు లారీ ఆగిందా, హ్యాండ్‌బ్రేక్, హాఫ్ క్లచ్ రెండూ కుదరాలి, లేకుంటే బండి వెనక్కి జారేది. ఇంటిల్లిపాదీ ఎక్కి ములుగు రోడ్డులో పోతూ ఆర్టీసీ బస్సును దాటాలంటే ఏసీ కట్టేసి, మూడో గేరుకు దింపి, ఎదురుగా చాలాదూరం ఖాళీ ఉందని చూసుకున్నాకే పక్కకు తీసేవాళ్లం.

మేనల్లుడి కారులోనూ సిలిండర్లు మూడే. 998 సీసీ. కానీ బయటికిపోయే పొగతో టర్బో తిరిగి, గాలిని ఇంజన్లోకి గట్టిగా కూరుతుంది. ఎక్కువ గాలి, ఎక్కువ ఇంధనం, దాదాపు 120 హార్స్‌పవర్. గేర్లు ఏడు, వాటంతటవే మారతాయి. డ్రైవరుకు మిగిలిన పనేముంది అనుకుంటూ జనగామ నుంచి వెనక్కి తిరిగాను.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర వాన కురిసి రోడ్డు తడిగా ఉంది. పక్క నుంచి బర్ల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. బ్రేకు బలంగా తొక్కాను. పెడలు కాలి కింద అదిరింది, చక్రాలు బిగుసుకోలేదు, స్టీరింగ్ చెప్పినట్టు విన్నది. పక్కకు తిప్పుకుని ఆగాను. 800లో అంత గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని, స్టీరింగ్ ఎటు తిప్పినా బండి నేరుగా జారేది. బాపు నేర్పిన జాగ్రత్త గొప్పదే. కానీ బండిలో లేని రక్షణకు బదులుగా పుట్టిన జాగ్రత్త అది. తడి రోడ్డు మీద, బర్ల ముందు, చెవి ఒక్కటే సరిపోదు.

చక్రాలు అట్లా బిగుసుకోకుండా చూసేది ఏబీఎస్. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. అయినా షోరూములో అందరూ అడిగేది పికప్, మైలేజీ. వేగం రెట్టింపైతే బ్రేకు మీద ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. 120 హార్స్‌పవర్ చేతికిచ్చినప్పుడు ఈ లెక్క కూడా చెప్పాలి. కొత్త బండి తెచ్చుకున్న పిల్లలకు నా మాట ఇదొక్కటే: ముందు ఖాళీ మైదానంలో గట్టిగా బ్రేకు తొక్కి, ఎంతదూరంలో ఆగుతుందో కళ్లారా చూడండి. ఆ తర్వాతే హైవే ఎక్కండి. మన రోడ్ల మీద మంచి బండి అంటే బాగా ఆగే బండి.