ముందు గొంతు, తర్వాతే ముఖం

ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పబోయే టీచర్లు నన్ను మొట్టమొదట అడిగేది కెమెరా గురించే. ఏ వెబ్‌క్యామ్ కొనాలి, ముఖం బాగా కనిపిస్తుందా, వెనకాల గోడ ఎలా ఉండాలి అని. మైకు సంగతి చివర్లో, ఫోను పెట్టేసే ముందు వస్తుంది: ‘‘ల్యాప్‌టాప్‌లో ఉన్నది సరిపోతుంది కదండీ?’’ సరిపోదు. చేతిలో రెండు వేలే ఉంటే ఆ రెండు వేలూ మైకుకే పెట్టమంటాను.

బొమ్మ కాస్త మసకబారినా పిల్లలు సర్దుకుంటారు. మాట తెగిపోతే మాత్రం రెండు నిమిషాలు చెవులు రిక్కించి, ఆ తర్వాత వినడం మానేస్తారు. నెట్ బలహీనపడినప్పుడు మీటింగ్ యాప్‌లు కూడా ముందు వీడియోనే తగ్గిస్తాయి, గొంతును వీలైనంత వరకూ నిలబెడతాయి. సిగ్నల్ సరిగ్గా అందని ఊళ్లో, మొబైల్ డేటా మీద పాఠం వినే పిల్లకు చివరికి మిగిలేది టీచరు గొంతే.

వారాంతాల్లో నేను విదేశాల్లోని మన పిల్లలకు తెలుగు చెబుతాను. శ, ష, స తేడా చెప్పే రోజు మైకు సత్తా బయటపడుతుంది. ఆ శబ్దాలను వేరు చేసేవి పైస్థాయి ధ్వనులు. పాతకాలం టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది కాబట్టి ఫోనులో పేర్లు చెప్పేటప్పుడు అక్షరం అక్షరం విడగొట్టి చెప్పాల్సి వచ్చేది. పాటలకు అంత హాయిగా పలికే బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కూడా, మైకు ఆన్ కాగానే చాలావరకు కాల్ మోడ్‌లోకి దిగిపోతాయి, గొంతు ఇరుకవుతుంది. వాటికంటే మామూలు తీగ ఇయర్‌ఫోన్ నయం.

అసలు కిటుకు మైకు ధరలో లేదు, దూరంలో ఉంది. నోటికీ మైకుకీ మధ్య దూరం సగమైతే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. రెండడుగుల అవతలున్న ల్యాప్‌టాప్ మైకును వదిలి జానెడు దూరంలో కాలర్ మైకు పెట్టుకుంటే ఎనిమిది తొమ్మిది డెసిబెల్స్ కలిసొస్తాయి. ఫ్యాను రొద, టైల్స్ గది ప్రతిధ్వని ఎక్కడివక్కడే ఉంటాయి కాబట్టి గొంతు వాటి మీదికి తేలుతుంది. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే బోయా బీవై-ఎం1 లాంటి కాలర్ మైకు మీద నాకు గురి అందుకే. దాని తీగ ఆరు మీటర్లు, బోర్డు దగ్గరికి నడిచి వెళ్లి రాయవచ్చు. పట్టుచీర పైటకు తగిలిస్తే ప్రతి కదలికా గరగరమంటుంది. మెడలో గొలుసు తగిలితే టకటకమంటుంది. జాకెట్ అంచుకో చొక్కా పట్టీకో, ఏదీ రాసుకోని చోట పెట్టాలి.

పిన్ను చూడకుండా కొనకండి. ఫోనుకూ, ఒకే రంధ్రమున్న ల్యాప్‌టాప్‌కూ మూడు గీతల పిన్ను కావాలి. మైకుకు విడిగా గులాబీ రంగు రంధ్రమున్న డెస్క్‌టాప్‌కు రెండు గీతలది, లేదా మధ్యలో ఒక స్ప్లిటర్. జాక్ లేని టైప్-సీ ఫోన్లలో ప్రతి కన్వర్టరూ పనిచేయదు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా, మీ ఊరి సెల్ షాపుకు వెళ్లినా, మీ ఫోనులోనే గుచ్చి రికార్డు చేసి విన్నాకే డబ్బివ్వండి.

స్టాండుతో, నురగ తొడుగుతో స్టూడియో దర్జాగా కనిపించే చవక కండెన్సర్ మైకులతో జాగ్రత్త. బీఎం-800 పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ విడిగా ఇవ్వాలి, ఆ సంగతి పెట్టె తెరిచాక గాని తెలియదు. పైగా కండెన్సర్ సున్నితం. వంటింట్లో కుక్కర్ విజిల్‌నీ వదలదు. రికార్డింగుకు గది ముఖ్యం. పరుపు, కర్టెన్లు, బట్టల బీరువా ఉన్న పడకగది ఖాళీ హాలు కంటే ఎన్నో రెట్లు మేలు.

సంగీతం చెప్పేవారి కష్టం వేరు. మా వీధిలో ఒక సంగీతం టీచరుగారి శిష్యులు తంబుర శ్రుతి వినిపించడం లేదని చెబుతుండేవారు. తప్పు మైకుది కాదు. ఆగకుండా ఒకే తీరున మోగే శబ్దాన్ని యాప్ రొద అనుకుని తుడిచేస్తుంది; ఫ్యానుకూ తంబురకూ దానికి తేడా తెలియదు. వీణ మీద సాగదీసిన గమకం చివర కూడా ఇలాగే తెగిపోతుంది. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ పెట్టుకుని, మీట్‌లో నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేసి, రెండు వైపులా ఇయర్‌ఫోన్లు వాడితే శ్రుతి తిరిగొస్తుంది. గురువూ శిష్యుడూ కలిసి పాడటం మాత్రం కుదరదు. మధ్యలో ఆలస్యం ఉంటుంది, తాళం కలవదు. గురువు పాడాక శిష్యుడు పాడాల్సిందే. ఎంత ఖరీదైన మైకూ దాన్ని తీర్చలేదు.

ఇక కెమెరా. కిటికీ వీపు వెనక ఉంటే ఎంతటి కెమెరాలోనైనా ముఖం నల్లబడుతుంది, కిటికీకి ఎదురుగా కూర్చుంటే మామూలు కెమెరా చాలు. లాజిటెక్ సీ270 ముఖం చూపడానికి ఢోకా లేనిదే. 720పీ అని చిన్నచూపు అక్కర్లేదు, చాలా క్లాసుల్లో అంతకు మించి వెళ్లదు కూడా. దాని ఫోకస్ మారదు కాబట్టి పుస్తకం దగ్గరికి తెస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. లెక్కలు చేసి చూపించేవారు పాత ఫోనును స్టాండుకు బిగించి నోటుబుక్కు మీదికి వంచి, దాన్నే రెండో కెమెరాగా క్లాసులో చేర్చుకోవచ్చు. స్టాండు ఖర్చు తప్ప ఇంకేమీ లేదు.

పాఠశాలలు, కోచింగ్ సెంటర్లు నడిపేవారికి ఒక మనవి. చాలాచోట్ల ఆన్‌లైన్ క్లాసు చెప్పమంటారు గాని సామాను మాత్రం టీచర్లు సొంత జీతంలోంచే కొనుక్కోవాలి. హాల్లో పెద్ద స్క్రీను పెట్టే ముందు, పాఠం చెప్పే ప్రతి టీచరుకూ ఒక కాలర్ మైకు కొనివ్వండి.