మాయలో దాగిన తీపి

ఆవు ఏడో నెలలో ఈసుకుపోతే దిష్టి తగిలిందనేవాళ్లున్నారు, దాణాను అనుమానించేవాళ్లున్నారు. అనుభవమున్న పశువైద్యుడు మాత్రం మాయ పడిందా అని అడుగుతూనే భుజం దాకా చేతితొడుగు లాక్కుంటాడు. ఆ మాయ నిండా బ్రూసెల్లా అనే క్రిమి ఉండొచ్చు. మనిషికి అంటితే వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు.

ఆవు ఒంట్లో ఇన్ని చోట్లుండగా ఈ క్రిమికి మాయ మీదే ఎందుకంత మోజు?

ఇంగ్లండ్‌లోని పోర్టన్‌లో హ్యారీ స్మిత్ బృందం ఈ ప్రశ్న వెంట పడింది. స్మిత్ పనితీరే వేరు. గాజు గొట్టంలో పెంచిన క్రిమితో సరిపెట్టుకోకుండా, జబ్బుపడ్డ జంతువు లోపల పెరిగిన క్రిమినే పట్టి చూసేవాడు. 1954లో ఆంత్రాక్స్ విషం ఆయనకు అలాగే చిక్కింది. 1962లో బ్రూసెల్లా వంతు వచ్చింది. మాయలో ఎరిత్రిటాల్ అనే తియ్యటి పదార్థం ఉందనీ, పక్కనే గ్లూకోజు ఉన్నా క్రిమి ముందు దాని మీదే పడుతుందనీ తేలింది. ఆవు, గొర్రె, మేక, పంది మాయల్లో అది ఉంది. మనిషి, కుందేలు, ఎలుక మాయల్లో కనిపించలేదు. (పంచదార మానేసినవాళ్ల టీలోకి ఇప్పుడు పొట్లాల్లో వస్తున్నది ఇదే.)

అయితే తీపి ఒక్కటే కారణమంటే కుదరదు. మనిషి మాయలో అది లేకపోయినా, ఈ జబ్బు సోకిన గర్భిణులకు గర్భస్రావం ముప్పు ఉంది. కణం సంగతీ చూడాలి. క్రిముల్ని మింగే తెల్లకణాల్లో పడ్డ బ్రూసెల్లాలో ఎక్కువ భాగం చస్తుంది, మిగిలింది తంటాలు పడి నిలదొక్కుకుంటుంది. మాయ పైపొరలోని ట్రోఫోబ్లాస్ట్ కణాల్లో మాత్రం, ప్రోటీన్లు తయారయ్యే సంచుల్లోనే కాపురం పెట్టి కిక్కిరిసిపోతుంది. గర్భాన్ని నిలిపే హార్మోన్ల తయారీలో చెయ్యున్నవీ ఆ కణాలే. అవి చెడితే హార్మోన్ల లెక్క తప్పుతుంది, దూడ నిలవదు.

బ్రూసెల్లా విషయంలో కాదు గానీ, హార్మోను నేరుగా క్రిమికే ఊతమిచ్చిన సంగతి అమెరికాలో బయటపడింది. 1992లో మార్క్ లైట్ అనే పరిశోధకుడు, సీరం కలిపిన, పోషకాలు తక్కువున్న ద్రవంలో ఈ.కోలై లాంటి క్రిముల్ని వేసి నార్‌ఎడ్రినలిన్ చేర్చాడు. అవి విజృంభించాయి. సీరంలోని ట్రాన్స్‌ఫెరిన్ ఇనుమును బిగించి పట్టుకుంటుంది. కంగారులో మన ఒంట్లో ఊరే ఆ హార్మోను పట్టు సడలిస్తుంది, క్రిమి ఇనుము లాక్కుంటుంది. పుష్టిగా వండిన మామూలు ల్యాబ్ రసంలో ఇది ఎవరికీ కనపడేది కాదు. క్రిముల్ని పెంచే పనిలో నేర్పంతా బాగా మేపడమే అనుకుంటాం గానీ, లైట్ నేర్పు పస్తు పెట్టడంలో ఉంది.

బ్రూసెల్లాకు టీకా కూడా ఇలాంటి పస్తులోంచే పుట్టింది. 1923లో జాన్ బక్ అనే పరిశోధకుడు ఒక జెర్సీ ఆవు పాల నుంచి తీసిన క్రిమి, గది వేడిలో ఏడాదికి పైగా అలా పడి ఉండి పస తగ్గింది. అదే ఎస్-19 టీకా. ఎరిత్రిటాల్ తగిలితే దీని పెరుగుదల కుంటుపడుతుంది. అయినా చూడి పశువుకిస్తే ఈసుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో దీన్ని నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకే, జన్మకోసారి వేస్తారు. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా టీకా వేసేవాళ్లు ముందు దూడ వయసు అడుగుతారు, ఆ తర్వాత తమ కళ్లకు అద్దాలు పెట్టుకుంటారు. టీకా మందు కంట్లో చిందినా, సూది జారి తమకే గుచ్చుకున్నా, ఆ నీరసించిన క్రిమే వాళ్లను మంచాన పడేస్తుంది.