మళ్లీ అదే హరిదాసు

సంక్రాంతి ప్రత్యేక సంచికకి ముఖచిత్రం కావాలన్నారు. డిసెంబరు మొదటి వారంలోనే వేసి పంపాను. రెండోనాడు ఫోనొచ్చింది. బొమ్మ బావుందట, రంగులు బావున్నాయట, హరిదాసు మోపెడ్ మీద ఉండటమే బాగాలేదట. "పండక్కి జనం చూడాలనుకునేది ఇది కాదండీ, పాత హరిదాసే కావాలి" అన్నారు ఎడిటరుగారు. అంతటితో ఆగకుండా ఒక నమూనా కూడా పంపించారు. కంప్యూటరు చేత వేయించిన బొమ్మ. ముగ్గు, గొబ్బెమ్మలు, గాలిపటం, చెరకుగడలు, పొంగే కుండ, గంగిరెద్దు, హరిదాసు, అన్నీ ఒక్క వాకిట్లోనే ఉన్నాయి. హరిదాసు నెత్తిమీది పాత్ర తలకి ఆనలేదు, కాస్త పైన గాల్లో నిలబడింది. గొబ్బెమ్మల మీద గుమ్మడిపువ్వు లేదు. ముగ్గులో గీత మధ్యలో తెగిపోయి, సంబంధం లేని ఇంకో గీతలోకి దూరింది. "ఇలాగే, కానీ మీ చేత్తో" అని అడిగారు.

నాకు కోపమొచ్చింది. ఈ కాలమ్ మొదట్నుంచీ చదువుతున్నవాళ్లకి నా పట్టుదల తెలుసు. చూసిందే గీయాలి, చూడనిదాని జోలికి పోకూడదు అని ఎన్నో వారాలు రాశాను. ఆ మోపెడ్ నేను కల్పించింది కాదు. పోయినేడు ధనుర్మాసంలో మా సత్యనారాయణపురం వీధిలోకి రోజూ వచ్చేది. బండి ముందు చిన్న స్పీకరు, అందులో కీర్తన రికార్డు, పక్కన తాడుతో కట్టిన తంబురా. నెత్తిన అక్షయపాత్ర అలాగే ఉంది, నుదుట నామాలు అలాగే ఉన్నాయి. గుమ్మం ముందు బండి ఆపి, ఒక కాలు నేలకానించి, గృహిణి వచ్చేదాకా కదలకుండా కూర్చునేవాడు. బాల్కనీలోంచి చూసి స్కెచ్ పుస్తకంలో వేసుకున్నాను. వయసు పైబడిన మనిషి ఇన్ని వీధులు ఎలా నడుస్తాడు? ఆ బండి లేకపోతే మా వీధికి హరిదాసే ఉండడు. అందుకే ఆ బొమ్మలో నాకు పండగ తగ్గినట్టు అనిపించలేదు, పండగ ఇంకా బతికే ఉన్నట్టు అనిపించింది.

పోయినేటి పుస్తకం ఎందుకంటే, బొమ్మలేసేవాళ్ల పంచాంగం ఎప్పుడూ ఒక పండగ ముందు నడుస్తుంది. దీపావళి సెప్టెంబరులో వెలిగిపోతుంది, ఉగాది ఫిబ్రవరిలో వచ్చేస్తుంది, సంక్రాంతికి నవంబరు చివర్లోనే భోగిమంట వేయాలి. అప్పటికి చెట్టుమీద రేగుపళ్లు పచ్చిగానే ఉంటాయి. బంతిపూలు ఉంటాయిగానీ గుమ్మడిపూలు కనపడవు. కాబట్టి పోయినేడు పండగ రోజుల్లో చూసి వేసుకున్న కాగితాలే ఈ ఏటి సంచికకి ఆధారం. అసలు పండగొచ్చేసరికి చేతిలో పని ఉండదు, ఇంట్లో అందరూ తీరిగ్గా ఉన్నావనుకుంటారు. నిజానికి వచ్చే ఏటికి కావలసినదంతా పోగుచేసుకోవాల్సింది ఆ నాలుగు రోజుల్లోనే. పిల్లల నెత్తిన భోగిపళ్లు పోసేటప్పుడు చిల్లరకాసులు ఎటు దొర్లాయో, పిల్ల కళ్లెందుకు మూసుకుందో, తల్లి చెయ్యి ఎక్కడుందో అప్పుడు చూడకపోతే మళ్లీ ఏడాదిదాకా చూడలేం.

ఈ నెలలో మిగతా పని సంగతి త్వరగా చెప్పేస్తాను. పోటీ కథలకి బొమ్మలు, ఒక డైరీ అట్ట, ఒక చర్చివాళ్ల గోడ క్యాలెండరు. శుభాకాంక్షల కార్డులు ఒకప్పుడు ఈ రోజుల్లో బొమ్మలవాళ్ల ఇంటి ఖర్చు గట్టెక్కించేవి. ఇప్పుడవి ఫోన్లలోకి పోయాయి, డబ్బులూ పోయాయి. కానీ డిసెంబరు పొద్దుటిపూట నీటిరంగులు వేయడానికి దొరికే సమయం ఇంకే నెలలోనూ దొరకదు. మే నెలలో విజయవాడలో కుంచె కాగితం ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లేలోపే వాష్ ఆరిపోయి అంచు కట్టేస్తుంది. ఇప్పుడలా కాదు. తడి నిలబడుతుంది, రెండో రంగు దించితే మొదటిదాన్ని నొప్పించకుండా కలుస్తుంది. బ్యారేజీ మీద మంచు ఎలా ఉందో కాగితం మీద అలా రావాలంటే ఈ చలే రావాలి.

తడి సంగతి వచ్చింది కనక మా మేనత్త గురించి చెప్పాలి. ఇదివరకు ఆవిడ గురించి ఇక్కడ ముక్కలు ముక్కలుగా రాశాను. ఈసారి కాస్త కుదురుగా రాస్తాను.

ఆవిడది తెనాలి దగ్గర పల్లె. సంక్రాంతి సెలవులకి మమ్మల్ని అక్కడికే పంపేవారు. తెల్లవారుజామున చీపురు చప్పుడికి మెలకువ వచ్చేది. దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. వాకిలి ఊడ్చి, పేడనీళ్ల కళ్లాపి చల్లి, వెంటనే ముగ్గు మొదలుపెట్టేది కాదు. నేల మరీ తడిగా ఉంటే పిండి నీళ్లు పీల్చుకుని నల్లబడుతుంది. మరీ ఆరిపోతే పట్టు దొరక్క గాలికి లేచిపోతుంది. ఆ రెంటికీ నడుమ కాసేపే సరైన అదను ఉంటుంది. అరికాలు పెట్టి చూసేది, తీసేసేది, ఇంకాస్త ఆగేది.

అదను కుదిరాక ముందు నడుమ వరస. 15 సందు చుక్క, 8 వరకు అంటే మధ్య వరసలో 15 చుక్కలు, దానికి పైనా కిందా సందుల్లో పధ్నాలుగేసి, ఆపైన పదమూడేసి, అలా తగ్గుతూ 8 దగ్గర ఆగాలి. మొత్తం 169 చుక్కలు. తాడు పట్టేది కాదు, కొలిచేది కాదు. నడుమ వరస వంకరపోతే ముగ్గంతా వంకరపోతుంది కాబట్టి ఆ ఒక్క వరసా చాలా నెమ్మదిగా పెట్టేది. తర్వాత చెయ్యి ఎంత జోరందుకునేదో, మేం లెక్కపెట్టబోతే అందేది కాదు.

ఇక గీత. పిండి గుప్పిట్లో ఉంటుంది. బొటనవేలు చూపుడువేలి మీద రుద్దుతూ ఉంటే సన్నగా జారుతుంది. వేళ్లు పిండిని వదిలే వేగం, చెయ్యి జరిగే వేగం ఒకటి కావాలి. చెయ్యి తటపటాయిస్తే కుప్ప పడుతుంది, తొందరపడితే గీత పలచబడి తెగిపోతుంది. వంగి నిలబడి వేస్తుంది కాబట్టి మణికట్టు చాలదు, భుజం నుంచి చెయ్యంతా తిరగాలి. పొడుగు గీతని భుజంతో లాగాలని తర్వాతెప్పుడో డ్రాయింగు మాస్టారు చెప్తే నాకు కొత్తగా అనిపించలేదు. మెలిక ముగ్గయితే ఇంకా కష్టం. గీత చుక్కని తాకకూడదు, చుట్టి రావాలి, తన మీంచి తానే దాటాలి, ఎన్ని మెలికలు తిరిగినా బయల్దేరిన చోటికి చేరాలి. రబ్బరు మీద నాకున్న అభిప్రాయాలన్నీ ఆ వాకిట్లో పుట్టినవే. చెరిపే వీలుందని తెలిసిన చెయ్యి అంత శ్రద్ధగా కదలదు.

ఒక ఏడు, భోగికి ముందు, ఆవిడ వరసగా రోజూ ఒకటే ముగ్గు వేసింది. తామరపువ్వుల ముగ్గు. వీధిలో మిగతావాళ్లు రోజుకో కొత్తది వేస్తున్నారు. కొత్త ముగ్గుల పుస్తకాలు చేతులు మారుతున్నాయి, రంగులు కూడా అప్పుడే వచ్చాయి. నాకు చిన్నతనంగా ఉండేది.

"అత్తయ్యా, నిన్నటిదే మళ్లీ వేస్తున్నావేంటి?" అన్నాను.

"నిన్న ఈ మూల రేకు బిగుసుకుపోయిందే. మొన్నేమో నడుమ వరస కాస్త దిగింది. ఇవాళ చూడు."

చూశాను. నాకేమీ తేడా తెలియలేదు. పాలచెంబుతో వెళ్తున్న ఎదురింటి పిన్నిగారికి తెలిసింది. గేటు దగ్గర ఆగి, కాసేపు చూసి, "ఇవాళ కుదిరింది వదినా" అంది. అత్తయ్య తలెత్తి నవ్వింది. ఆ మర్నాడు ఇంకో ముగ్గు మొదలుపెట్టింది.

ఇన్నాళ్లూ ఈ సంగతిని గీత గురించి, చేతి సాధన గురించి చెప్పడానికే వాడుకున్నాను. ఎడిటరుగారి ఫోను పెట్టేశాక అది ఇంకోవైపు నుంచి గుర్తొచ్చింది. రోజూ కొత్తది వేసిన ఇళ్లవాళ్లు ఎవరికీ రేకు బిగుసుకుపోయిందన్న బాధే ఉండేది కాదు, మర్నాడు ఆ రేకే ఉండదు కదా.

డిసెంబరు 15 బాపుగారి పుట్టినరోజు. 1933లో నరసాపురంలో పుట్టారు. ఆ మర్నాడో, మూడోనాడో ధనుర్మాసం మొదలవుతుంది. ఈ రెండూ ఇలా ఆనుకుని వస్తాయి కాబట్టి ఏటా ఈ రోజుల్లో ఆయన తిరుప్పావై బొమ్మలు తీసి చూసుకుంటాను. తిరుమలలో ఈ నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు, మా వీధి చివర గుడిలో మైకు పెడతారు, వింటూ పేజీలు తిప్పుతాను. బొమ్మలేసేవాళ్ల వైపు నుంచి చూస్తే అంత కష్టమైన కావ్యం ఇంకోటి లేదు. మొత్తం 30 పాశురాలు. అందులో ఆరు నుంచి పదిహేను వరకు, పదింట్లోనూ జరిగేది ఒకటే. తెల్లవారకముందే ఆడపిల్లలు ఒక ఇంటి ముందుకొచ్చి, నిద్రపోతున్న నేస్తాన్ని లేవమంటారు. అంతే. ఎడిటరు చేతికిస్తే ఒక బొమ్మ చాలు, పది ఎందుకంటాడు.

ఆండాళ్ మాత్రం ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కోటి చూపిస్తుంది. ఒకచోట పెరుగు చిలికే స్త్రీల నగల చప్పుడు. ఇంకోచోట తూరుపు తెల్లబడి గేదెలు మంచు మేతకి బయల్దేరతాయి. ఒక ఇంట్లో చుట్టూ దీపాలు, ధూపం, మెత్తటి పడక. ఇంకో ఇంట్లో గేదెలు దూడల్ని తలుచుకుని పాలు కార్చేయడంతో ఇల్లంతా బురద, గుమ్మం పట్టుకు నిలబడ్డ పిల్లల తలల మీద మంచు కురుస్తూ ఉంటుంది. ఒక పెరట్లో ఎర్రకలువలు విచ్చుకుంటూ ఉంటే నల్లకలువలు ముడుచుకుంటాయి. లేపేది ఒకటే, తలుపు ఒకటే. పదోసారికి కూడా ఆవిడకి కొత్త సంగతి వెతకాల్సిన అవసరం రాలేదు, ఆ గుమ్మంలోనే దొరికింది. చందమామలో శంకర్ గారు విక్రమార్కుణ్ణి ఏళ్ల తరబడి వేశారు. అదే కత్తి, అదే భుజం మీద అదే శవం. నా చిన్నప్పుడు ఆ పేజీ కోసం ఎదురుచూశానే తప్ప, మళ్లీ అదేనా అని ఒక్కసారీ అనుకోలేదు.

ఎడిటరుగారు చెప్పిన కారణం నాకు ఇప్పటికీ నచ్చలేదు. మోపెడ్ ఎక్కితే పండగ పోతుందనడం ఆ పెద్దాయనకి అన్యాయం. ఆ బొమ్మ ఇంకెక్కడైనా అచ్చయ్యేదాకా నేను ఊరుకోను. కానీ ఆయన అడిగిన బొమ్మ మాత్రం అడగదగిందే. నడిచొచ్చే హరిదాసుని వేసి వేసి అరగదీశామని మేమంతా అనుకుంటాం. అరగడానికి ముందు సరిగ్గా చూడాలి కదా.

మొన్న పొద్దున్నే వన్‌టౌన్‌లో ఒక గుడి వెనక సందులో నడిచొచ్చే హరిదాసు కనపడ్డాడు. వెనకే వెళ్లాను. ఇంటినుంచి బయల్దేరాక మళ్లీ ఇల్లు చేరేదాకా పాత్ర దించకూడదని వాళ్ల నియమం. ఒక గుమ్మంలో చిన్నపిల్ల, చేతిలో గ్లాసుడు బియ్యం. పాత్ర అందదు. ఆయన కుడికాలు వెనక్కి వేసి మోకాలు నేలకానించాడు. తల వంచలేదు, వంచితే పాత్ర జారుతుంది. అందుకని నడుం నుంచి మెడదాకా నిటారుగా ఉంచి, బరువంతా తొడల మీద ఆపుకుంటూ కిందికి దిగాడు. చూపు ఎదురు గోడ మీదే ఉంది. చిరతలు పట్టిన చెయ్యి కొంచెం పక్కకి జరిగి తూకం చూసుకుంది. పిల్ల మునివేళ్ల మీద లేచి బియ్యం పోసింది. కొన్ని గింజలు ఆయన ఉత్తరీయం మడతలో పడ్డాయి. దులుపుకోలేదు, అలాగే లేచాడు. లేవడమే కష్టం. ముందు మోకాలి మీద అరచెయ్యి ఆనించి, శ్వాస బిగబట్టి, ఒక్క ఊపులో లేచాడు.

ఇన్ని క్యాలెండర్లలో, ఇన్ని కార్డుల్లో హరిదాసు నిలబడి నవ్వుతూనే ఉంటాడు. వంగిన మోకాలూ వంగని మెడా ఒకే మనిషిలో ఉండటం నాకు ఏ బొమ్మలోనూ తారసపడలేదు. పెద్ద మనిషి పసిపిల్ల ఎత్తుకి దిగడం, అదీ తన నెత్తిన ఉన్నదాన్ని చెదరనివ్వకుండా. పండగలో ఇంతకంటే వేయదగింది ఏముంది? ఇంటికొచ్చి పెన్సిలుతో మొదలుపెట్టాను. తొడ బరువు మొదట్లో రాలేదు, మనిషి కూర్చున్నట్టు వచ్చాడు గానీ దిగుతున్నట్టు రాలేదు. కాగితం మార్చాను. మడమ ఇంకొంచెం లేపితే వచ్చింది.

సోమవారానికి పంపాలి. గాలిపటం, కుండ, చెరకుగడలు తీసేస్తానంటే ఎడిటరుగారు సరేనన్నారు, గంగిరెద్దు మాత్రం వెనకాల ఉండాలన్నారు. ఉంటుంది. బొంత మీద అతుకులు తెలుసు, కొమ్ముల ఇత్తడి కుప్పెలు తెలుసు. దణ్ణం పెట్టేటప్పుడు ముందుకాలు ఎంతవరకు మడుస్తుందో, ఆ బరువు మిగతా కాళ్ల మీదికి ఎలా వెళ్తుందో ఇంకా సరిగ్గా చూడలేదు. మా వీధికి వాళ్లు ఇంకా రాలేదు. సన్నాయి ఎక్కడ వినపడ్డా వెంటనే ఫోను చెయ్యమని పాలబ్బాయితో చెప్పిపెట్టాను.